నాలుగు వందల పదమూడో లైను: మల్లయ్య గౌడ్

ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన ఉద్యోగం ఏమిటని అడిగితే, ఇంకా జరగని పనులకు తేదీలు వేయడం అని చెబుతాను. కాంట్రాక్టు కంపెనీల్లో ప్లానింగ్ ఇంజనీరుగా పనిచేశాను. నీళ్ల ట్యాంకులు, గోదాములు, రోడ్లు, వంతెనలు. ఒక్కదానికీ తట్ట మోయలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో రాసేవాణ్ణి. అది అలా జరిగేది కాదు. ఎందుకు జరగలేదో కూడా నేనే రాసేవాణ్ణి. నాకు ఇచ్చిన జీతంలో ఎక్కువ భాగం ఈ రెండో రాతకేనని నా అనుమానం.

ఈ మధ్య మా సిరిసిల్లలో ఇంజనీరింగ్ చదివి ఇదే ఉద్యోగంలోకి పోతున్నవాళ్లు కొందరు వచ్చి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతున్నారు. ఏదైనా సరే, వారం రోజుల్లో వస్తుంది. ఆ తర్వాత రావాల్సింది నాకు పాతికేళ్లకు గానీ రాలేదు. అది కోరుట్ల దగ్గర ఒక వాగు మీద కట్టిన చిన్న వంతెన దగ్గర వచ్చింది. అందుకే మిగతావన్నీ వదిలేసి దాని గురించే రాస్తున్నాను.

తేదీ ముందు, పని తర్వాత

కోరుట్ల నుంచి మల్లాపూర్ వైపు పోయే ఒక దారిలో, ఏటా వానాకాలం రెండు మూడు నెలలు జనాన్ని ఆపేసే వాగు అది. మా ఆఫీసు జగిత్యాలలో ఉండేది. ప్రాజెక్ట్ మేనేజర్ నర్సింగరావు సారు. మంచి మనిషి. తిట్టేవాడు కాదు, అన్నం తిన్నావా అని రోజూ అడిగేవాడు. ఆయనకున్న లోపమల్లా ఒక్కటే, పైవాళ్లు ఏం చెప్పినా మా కంటే ముందు తానే నమ్మేవాడు.

పదకొండు రోజులు కూర్చుని ప్రోగ్రాం తయారుచేశాను. నాలుగు వందల పన్నెండు లైన్లు. తవ్వడం, బెడ్డు కాంక్రీటు, కమ్ములు కట్టడం, పునాది, స్తంభాలు, స్లాబు, ఆఖరున రెండు పక్కలా రోడ్డు. ఒక్కోదానికి ఎన్ని రోజులో రాసి, ఏది అయ్యాక ఏది మొదలవ్వాలో ముడివేస్తే, ఆఖరి తేదీ సాఫ్ట్‌వేరే చెబుతుంది. వాగులో పనికి వానాకాలం సెలవు అని వేరే క్యాలెండర్ కూడా పెట్టాను. మొత్తం పద్దెనిమిది నెలలు వచ్చింది.

నర్సింగరావు సారు ఆ కాగితం చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పది నెలలల్ల ఐతదని మీదోళ్లు చెప్పిండ్రు గదనయ్యా."

"ఎవరు లెక్క కట్టిండ్రు సార్?"

"లెక్క ఏంది? చెప్పిండ్రు. నువ్వు ఆఖరి తేదీ ముందుగాల పెట్టు. మిగిలినయి దానెనకనే సర్దుకుంటయ్."

పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఎదురు తిరిగింది. ఈ వంతెన పది నెలల్లో పూర్తి కావాలంటే పని ఎనిమిది నెలల కిందటే మొదలై ఉండాలని చూపించింది. కంపెనీకి అప్పటికి ఆ కాంట్రాక్టే రాలేదు. ఆ మాట సారుకు చెబితే కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"ఎనిమిది నెలల కింద మనం ఎక్కడున్నం?" అని అడిగాడు.

"వేములవాడ దగ్గర ట్యాంకు కడుతున్నం సార్."

"అయ్యో" అన్నాడు, అప్పుడే వచ్చి ఉండాల్సిందన్నట్టు. తర్వాత వానాకాలం క్యాలెండర్ మీద వేలు పెట్టాడు. "గిదేంది, నాలుగు నెలలు సెలవా? మనం బడి పిలగాండ్లమా? తీసెయ్."

తీసేశాను. నేను వాదించలేదు. ఇది చదివే పిల్లలు ఇక్కడ ఆగి నన్ను ఏమన్నా అనుకోవచ్చు.

రంగు మార్చిన రోజు

ఒక్కటి ఆలస్యమైనా మొత్తం వంతెనే ఆలస్యమయ్యే పనులు కొన్ని ఉంటాయి. వాటన్నిటినీ సాఫ్ట్‌వేర్ ఎర్ర గీతల్లో చూపిస్తుంది. మా భాషలో దాన్ని క్రిటికల్ పాత్ అంటారు. మా చార్టు మిరపకాయలు ఆరబోసిన కల్లంలా ఉండేది.

"గింత ఎర్రగుంటే మీదోళ్లు జడుసుకుంటరయ్యా. పచ్చగ చెయ్యి" అన్నాడు సారు.

"పచ్చగ కావాలంటే మనుషులను పెంచాలె సార్, లేకపోతే తేదీ జరపాలె."

"మనుషులు, తేదీలు కాదు. రంగు. రంగు మారదా దాంట్ల?"

మారుతుంది. సెట్టింగ్స్‌లో మూడు నొక్కులు. ఆ నెల మా చార్టు పచ్చటి వరి మడిలా హెడ్డాఫీసుకు పోయింది. అక్కడివాళ్లు ఎంత సంతోషించారంటే, ఒక్క ఎర్రగీత కూడా లేకుండా పని నడపడం ఎలాగో నేర్చుకొమ్మని వేరే సైట్ల నుంచి ముగ్గురు ఇంజనీర్లను మా దగ్గరికి పంపారు. సారు వాళ్లకు చాయ్ తాగించి, పని మీద మనసు పెట్టాలని గంటసేపు చెప్పాడు. నేను పక్కన కూర్చుని తల ఊపాను. పోతూ పోతూ వాళ్లలో ఒకడు నన్ను పక్కకు పిలిచి, "నిజంగ ఏం చేసిండ్రన్నా?" అని అడిగాడు. మూడు నొక్కులు చూపించాను. నెల తిరిగేసరికి ఆ మూడు సైట్లూ పచ్చబడ్డాయి.

ఆ ఆదివారం చార్టు ఒకటి చుట్టచుట్టి సిరిసిల్లకు, ఇంటికి పట్టుకుపోయాను. మా అన్న మరమగ్గాలు నడుపుతాడు. నేల మీద పరిచి చూపిస్తే, చీర చూసినట్టు కొసలు రెండూ పట్టుకుని చూశాడు.

"గిది ఏం చెప్తదిరా?"

"పని ఎట్ల నడుస్తుందో చెప్తదన్నా."

"పేక తెగితే మగ్గం దానంతటదే ఆగుతది. నీ దాంట్ల పని తెగితే ఏమైతది?"

"గీత ఎర్రగైతది."

"మరి ఎర్రది ఏదీ?"

అన్నం పెట్టమని వదినను పిలిచాను.

చెట్టు మీది మనిషి

వంతెనకు కోరుట్ల వైపు రోడ్డు కలిపే చోట ఏడు తాటిచెట్లున్నాయి. ప్రోగ్రాంలో నేను రాసింది ఇది: చెట్లు తొలగించుట, రెండు రోజులు. జగిత్యాలలో ఫ్యాన్ కింద కూర్చుని రాశాను. అప్పటికి ఆ చెట్లను చూడలేదు.

జేసీబీ తీసుకుని పోయిన రోజు, వాటిలో ఒక చెట్టు మీద మనిషి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, నడుముకు మోకు, పక్కన వేలాడుతున్న లొట్టిలో అప్పుడే దించిన కల్లు. పేరు మల్లయ్య గౌడ్. ఆ ఏడు చెట్లూ ఆయన గీసేవే.

"జర దిగు మల్లన్నా, చెట్లు తీసేది ఉన్నది" అని కింద నుంచి అరిచాను.

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"ప్రోగ్రాంల ఉన్నది."

"గా ప్రోగ్రాంల నా పేరున్నదా?"

"లేదు."

"నాలుగు వందల పనులు రాసినవంట. పేరే లేనోని చెట్లు ఎట్ల కొడ్తవ్ సారూ?"

జేసీబీ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. "సరైన మాటే గద సార్" అన్నాడు.

మల్లయ్య గౌడ్ నింపాదిగా దిగి నా ముందు గొంతుకూర్చుని లెక్క చెప్పాడు. ఏడు చెట్లకూ కల్లు ఒక్కసారే పారదు. ఒకటి చలికాలంలో, రెండు శివరాత్రికి, మూడు ఎండల్లో, ఒకటి వానల్లో. ఏడాది పొడుగునా ఇల్లు నడిచేది ఆ వరుస మీదనే. "ఇప్పుడు కొత్తది పెడ్తె, అది పారేసరికి నా కొడుకు ముసలోడైతడు" అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఏ పని తర్వాత ఏ పనో అంత శుభ్రంగా చెప్పిన మనిషిని నేను నా ఉద్యోగంలో అంతకు ముందు చూడలేదు. మూడుసార్లు పోయి కూర్చున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. ఏ చెట్టు పారడం అయిపోతే ఆ చెట్టు కొట్టుకోవచ్చు, దానికి రావాల్సిన పరిహారం ఆయనకు ముందే ఇప్పించాలి. రోడ్డు పని ఎలాగూ ఆఖరుకే గనుక అది మాకు అడ్డం కాదు. నాలుగు వందల పదమూడో లైను రాశాను: మల్లయ్య గౌడ్ ఒప్పుకొనుట. దాని కింద ఏడు చెట్లకు ఏడు లైన్లు.

"నాకెన్ని రోజులు రాసినవ్?" అని అడిగాడు.

"ఐదు."

"ఐదా? మస్తు ఉరుకులవెడ్తున్నవ్. పెండ్లికి ఒప్పుకోనీకే నాకు రెండేండ్లు వట్టింది."

పదహారు గంటల ఉద్యోగి

సాఫ్ట్‌వేర్‌లో లైను రాస్తే ఆ పని ఎవరు చేస్తారో కూడా రాయాలి. ఎనిమిది లైన్లకూ మల్లయ్య గౌడ్ పేరే పెట్టాను. ఆ జాబితా నెలనెలా హెడ్డాఫీసు కంప్యూటర్‌కు దానంతటదే పోతుందని తెలుసు, కానీ ఎవరైనా చదువుతారని అనుకోలేదు.

మనుషులు చదవలేదు, కంప్యూటర్ చదివింది. రెండు చెట్ల తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డందువల్ల మల్లయ్య గౌడ్ అనే ఉద్యోగి దినానికి పదహారు గంటలు పనిచేస్తున్నాడని, ఇది నిబంధనలకు విరుద్ధమని, వెంటనే అతనికి విశ్రాంతి ఇవ్వాలని సారుకు ఉత్తరం వచ్చింది.

"ఎవరయ్యా గీ మల్లయ్య గౌడ్? పదారు గంటలు ఎందుకు చేస్తుండు?"

విషయం చెప్పాను. పేరు తీసేస్తానన్నాను.

"ఆగు, తియ్యకు. మనకాడ గింతగనం పన్జేసేటోడు ఉన్నడని మీదోళ్లకు తెలువనియ్యి" అన్నాడు. విశ్రాంతి ఇచ్చామని జవాబు రాయించాడు.

ఆ తర్వాత నెలకు మల్లయ్య గౌడ్ పేరు మీద గుర్తింపు కార్డు, ఒక పసుపుపచ్చ హెల్మెట్ వచ్చాయి. హోదా దగ్గర సీనియర్ రిసోర్స్ అని ఉంది. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, మెడలో వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని చెట్టెక్కాడు. యాభై ఏళ్లుగా హెల్మెట్ లేకుండా ఎక్కుతున్న మనిషికి ఆ రోజు మొదటిసారి తల మట్టకు తగిలి ఇరుక్కుంది. విడిపించుకుని దిగి, హెల్మెట్‌ను కోడిపెట్టకు పొదిగే గంపగా ఇచ్చేశాడు. కార్డు మాత్రం ఉంచుకున్నాడు.

అప్పటి నుంచి ఊళ్లో వాళ్లు నా కోసం రావడం మొదలైంది. వాగులో చేపలు పట్టే ఆయన, బర్రెలను అవతలికి తోలే ఆమె, ఆ దారినే ఆటో నడిపే ఆయన, అందరూ ప్రోగ్రాంలో తమ పేరు రాయమన్నారు. మొదట నవ్వాను. అయితే చేపలాయన వాగులో నీళ్లు ఎక్కడ లోతో చెప్పాడు. బర్రెల ఆమె ఏ గట్టు కూలేదో చూపించింది. ఇరవై ఆరు లైన్లు పెరిగాయి. నా సర్వీసులో నేను తయారుచేసిన ప్రోగ్రాంలలో నిజానికి దగ్గరగా ఉన్నది అదే. అయితే అది పచ్చగానే ఉంది.

పగిలిన లొట్టి

కమ్ములు రావడం ఆలస్యమైంది. మేలో అయిపోవాల్సిన నడి వాగు పునాది జూలైకి జారింది. ఎర్ర గీత ఉంటే అప్పుడు ఎవరో ఒకరు చూసి, వానల్లో గుంతలోకి మనుషులను దించొద్దని ఆపేవారేమో. పైగా సారు, "తొంభై శాతం అయింది గద, వందకాడికి ఎంత దూరమని? వంద రాయి" అంటే రాశాను. కాగితం మీద ఆ పునాది పూర్తయింది. వాగులో మాత్రం పదకొండు మంది ఇంకా గుంతలోనే ఉన్నారు.

కాంక్రీటు ముఠాకు పెద్ద రాజవ్వ. యాభై ఏళ్ల మనిషి. చందుర్తి దగ్గర ఊరు. ఆమె నోటికి భయపడి సిమెంటు లారీలు కూడా టైముకు వచ్చేవి. ఆ రోజు పొద్దున నేను కొలతలకు పోయి గుంత అంచున నిలబడి ఉన్నాను. మాకు వాన లేదు, ఎండ కొడుతోంది. పైన మేడిపల్లి వైపు రాత్రి కురిసిందని తర్వాత తెలిసింది. నీళ్లు తోడే మోటారు, కాంక్రీటు కలిపే మిల్లరు రెండూ మోగుతుంటే పక్కవాడి మాట వినిపించడం లేదు.

వానల్లో పారే ఒక్క చెట్టు ఒప్పందం ప్రకారం ఇంకా నిలబడే ఉంది. దాని మీద మల్లయ్య గౌడ్ ఉన్నాడు. చెయ్యి ఊపుతున్నాడు. నేనూ ఊపాను. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. పలకరిస్తున్నాడనుకుని నేనూ ఇంకా గట్టిగా ఊపాను.

అప్పుడు ఆయన నడుముకున్న కల్లు లొట్టి విప్పి, గురిచూసి, కింద రేకుల షెడ్డు మీదికి విసిరాడు. ముఠావాళ్ల సద్ది గిన్నెలన్నీ ఆ షెడ్డులోనే. పాత రేకు విరిగి లొట్టి లోపల పడింది. అన్నాల మీద కల్లు, పెంకులు.

చప్పుడుకు రాజవ్వ నిచ్చెనెక్కి తల బయట పెట్టి చూసింది.

"ఓ ముసలోడా! మా సద్దుల మీద కల్లు పోత్తవా! దిగు, నీ సంగతి జెప్త! రాండ్రే, అందరు రాండ్రి!"

గుంతలో ఉన్న పదిమంది ఒకరి వెనక ఒకరు నిచ్చెనెక్కి వచ్చారు, పారలు చేతుల్లోనే ఉన్నాయి. అందరం చెట్టు కిందికి ఉరికాం. నేను అందరికంటే ముందు. నేను కూడా తిట్టడానికే.

"ఒర్లకుండ్రి!" అని పైనుంచి మల్లయ్య గౌడ్ అరిచాడు. "ఎన్కకు జూడుండ్రి! నీళ్లత్తున్నయ్!"

వెనక్కి చూశాం. మూల మలుపు తిరిగి ఎర్రటి నీళ్లు మనిషెత్తున వస్తున్నాయి. మోటారు మోగుతూ మోగుతూ ఆగిపోయింది. మిల్లరు పక్కకు ఒరిగింది. నిచ్చెన గుంతలోంచి పైకి లేచి, రెండు సుళ్లు తిరిగి కొట్టుకుపోయింది. కొన్ని నిమిషాల్లో అక్కడ గుంత ఉండేదన్న ఆనవాలు కూడా లేదు.

నా చేతిలోని చార్టు తడవలేదు. దాంట్లో ఆ పునాది వంద శాతం పూర్తయి పచ్చగా ఉంది.

రాజవ్వ తల ఎత్తి, "దిగు మల్లన్నా, నిన్నేమన" అంది.

సంజాయిషీ

మర్నాడు హెడ్డాఫీసు నుంచి వచ్చిన మొదటి ప్రశ్న మనుషుల గురించి కాదు. వంద శాతం పూర్తయిన పునాది ఎలా మునిగింది, మునిగాక తొంభై శాతానికి ఎలా తగ్గింది అని. రెండో ప్రశ్న, ప్రోగ్రాం ప్రకారం అన్నిటికంటే ముందు కొట్టాల్సిన చెట్లలో ఒకటి ఇంకా ఎందుకు ఉంది అని. అక్కడి మనుషుల చేతిలో ఉన్నది నా మొదటి ప్రోగ్రాం కాగితం, చెట్లకు రెండు రోజులు రాసింది; తర్వాతి లైన్లు చదివింది కంప్యూటర్ ఒక్కటే. అది అమలైతే ఆ పొద్దున ఎక్కడానికి చెట్టు ఉండేది కాదు.

నేను రంగులు తిరగేశాను. మూడు నొక్కులు. చార్టు మొత్తం ఎర్రబడింది. వానాకాలం క్యాలెండర్ మళ్లీ పెట్టి, వంద అని రాసింది నేనేనని ఒక కాగితం మీద సంతకం చేసి సారు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, నా సంతకం పక్కన తన సంతకం చేశాడు. ఆయన దగ్గర్నుంచి నేను అది ఊహించలేదు.

"పదకొండు మందయ్యా" అన్నాడు. కాసేపటికి, "అన్నం తిన్నవా?" అని అడిగాడు.

ఇద్దరికీ ఇంక్రిమెంట్ ఆగింది. నాకు అదనంగా, చార్టుల్లో రంగుల వాడకం మీద మూడు రోజుల శిక్షణ వేశారు. పాఠం చెప్పడానికి వచ్చినవాడు, మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చిన ముగ్గురిలో ఒకడు.

వంతెన పంతొమ్మిది నెలలకు అయింది. ఆ ఆఖరి చెట్టును కొట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. నర్సింగరావు సారే డ్రాయింగ్ తీసి రోడ్డును అంచున కొంచెం మలిపించాడు. అందువల్ల దాని లైను ఎప్పటికీ పూర్తి కాలేదు. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ వంతెన కంపెనీ లెక్కలో తొంభై తొమ్మిది శాతమే. బస్సులు పోతూనే ఉన్నాయి.

నిచ్చెన

అయితే నేను నేర్చుకున్నది వరద రోజున కాదు. దసరా దాటాక, వాగు తగ్గి, మళ్లీ గుంత తవ్వి, రాజవ్వ ముఠా లోపలికి దిగబోతున్న పొద్దున.

ఆమె అంచున నిలబడి నా చేతిలోని కాగితం వైపు చూసింది.

"సారూ, గుంతల మేం చేసే పనులన్నీ రాసినవా గండ్ల?"

"రాసిన అక్కా. తవ్వుడు, కమ్మి కట్టుడు, మాలు పోసుడు."

"బయటికి అచ్చుడు?"

కాగితం చూశాను. నాలుగు వందల నలభై ఆరు లైన్లున్నాయి. అది లేదు.

"రాస్త" అన్నాను. "ఎంతసేపు పడ్తది?"

"నాకేమెర్క? ఆ రోజు మల్లన్నను కొట్టనీకె అచ్చినం గాబట్టి జల్ది అచ్చినం. చూత్తేనే గద తెలిసేది."

పదకొండు మందీ దిగారు. నేను గడియారం పట్టుకున్నాను. చెయ్యి ఊపితే ఎక్కడం మొదలుపెట్టారు. ఒకటే నిచ్చెన. ఒకరి కాలు ఒకరి చేతి మీద, ఇద్దరు జారారు, ఒకామె కొంగు కమ్మికి చిక్కింది. ఏడు నిమిషాలు పట్టింది. ఆ పూట పని ఆపి, కోరుట్ల నుంచి ఇంకో రెండు నిచ్చెనలు తెప్పించాం. మళ్లీ దిగారు, మళ్లీ ఎక్కారు. ఈసారి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

అందరూ పైకి వచ్చారో లేదో చూసుకుని రాజవ్వ ఆఖరున వచ్చింది. చేతులు దులుపుకుంది.

"రాసుకో" అంది.